తొడగడం నుంచి తొడుక్కోవడం వరకు: ప్రత్యేక అవసరాలుగల పిల్లల దైనందిన జీవితం – థెరపీ సహాయకులు – తెలుగు భాష

వ్యాససంగ్రహం:

ప్రత్యేక అవసరాలుగల పిల్లలకు వారంలో ఒకటి రెండు గంటలు మాత్రమే నిపుణుల సమక్షంలో గడుస్తాయి. మిగిలిన కాలమంతా ఇల్లు, బడి, వీధి వారి అభ్యాసస్థలాలు. నిపుణులు నిర్దేశించిన లక్ష్యాలను ఆ స్థలాల్లో రోజువారీ పనులుగా మార్చేవారు థెరపీ సహాయకులు. వారు చేసే పనిలో చేతికి ఎంత పాత్ర ఉందో మాటకూ అంతే పాత్ర ఉంది. తెలుగు కుటుంబాల్లో ఆ మాట తెలుగే. అయినా శిక్షణ సామగ్రిలో అధికభాగం ఆంగ్లవాక్య నిర్మాణాన్ని ఆధారం చేసుకుని రూపొందింది. థెరపీ సహాయకుల బాధ్యతలను, వాటికి నేపథ్యంగా ఉన్న చట్టాలను, వ్యవస్థలను వివరించడం, ఆ పనిలో తెలుగు క్రియానిర్మాణం, వ్యతిరేకార్థక పదాలు, సంబోధనలు ఎలా ప్రవర్తిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: థెరపీ సహాయకులు, ప్రత్యేక అవసరాలుగల పిల్లలు, భవిత కేంద్రాలు, ఆత్మార్థక క్రియ, ప్రేరణార్థక క్రియ, మాటల పునరుక్తి, ఇంటిభాష.

1. ప్రవేశిక:

చొక్కా తొడుక్కోవడం, పళ్ళు తోముకోవడం, అన్నం కలుపుకొని తినడం, దాహం వేస్తే నీళ్ళు అడగడం వంటి పనులను చాలామంది పిల్లలు ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే నేర్చుకుంటారు. మస్తిష్క పక్షవాతం, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలుగల పిల్లల్లో అనేకులకు ఇవే పనులు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాధన చేయవలసిన విద్యలవుతాయి. ఆ పనులు రాకపోవడం వల్ల కలిగే నష్టం ఆ పనులతోనే ఆగదు. మరుగుదొడ్డి అవసరాన్ని చెప్పలేని పిల్లవాడిని బడి చేర్చుకోవడానికి వెనకాడుతుంది. తనంతట తాను తినలేని అమ్మాయి పెళ్ళికో పండుగకో వెళ్ళిన చోట ఒక మూలకు పరిమితమవుతుంది. తల్లి ఉద్యోగం, అమ్మమ్మ ఆరోగ్యం, తోబుట్టువుల చదువు కూడా ఈ పనుల చుట్టూనే తిరుగుతుంటాయి.

ఈ రంగాన్ని వైద్యశాస్త్రం, మనోవిజ్ఞానశాస్త్రం, ప్రత్యేక విద్య విస్తృతంగా అధ్యయనం చేశాయి. భాషా పరిశోధకులకు ఇందులో పని లేదనే అభిప్రాయం ఉండవచ్చు. కాని సహాయకురాలు రోజంతా పిల్లవాడితో మాట్లాడుతూనే ఉంటుంది. ఆమె వాడే క్రియ ఎవరు పని చేయాలో చెబుతుంది. ఆమె వేసే ప్రశ్న పిల్లవాడు ఏ రూపంలో జవాబివ్వాలో కొంతవరకు నిర్ణయిస్తుంది. కాబట్టి ఇది తెలుగు భాషాధ్యయనానికి కూడా చెందిన విషయమే.

2. థెరపీ సహాయకులు – పరిధి:

థెరపీ సహాయకులు అనే మాటను ఈ వ్యాసంలో విస్తృతార్థంలో గ్రహించడమైంది. ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, వాక్ చికిత్సకులు, ప్రత్యేక ఉపాధ్యాయులు రూపొందించిన ప్రణాళికను వారి పర్యవేక్షణలో అమలుచేసే సిబ్బంది అందరూ ఈ పరిధిలోకి వస్తారు. కేంద్రంలో పనిచేసే సహాయకులు, బడిలో పిల్లవాడి వెంట ఉండే సంరక్షకులు, ఆయాలు, ఇంటికి వచ్చి సాధన చేయించే కార్యకర్తలు ఇందులో భాగం.

నిపుణులకూ సహాయకులకూ మధ్య ఉన్న ముఖ్యమైన విభజనరేఖను ఇక్కడ గుర్తించాలి. వైకల్య నిర్ధారణ, లక్ష్య నిర్ణయం, పద్ధతి ఎంపిక, ప్రణాళికలో మార్పు నిపుణుల బాధ్యతలు. నిర్దేశించిన పనిని సాధన చేయించడం, ఫలితాన్ని నమోదు చేయడం, ఇబ్బంది కనిపిస్తే తిరిగి నిపుణులకు తెలియజేయడం సహాయకుల బాధ్యతలు. బిగుసుకుపోయిన కీలును ఎంతవరకు కదిలించవచ్చు, మింగడంలో ఇబ్బంది ఉన్న బిడ్డకు ఏ చిక్కదనంతో ఆహారం ఇవ్వాలి వంటి విషయాల్లో సహాయకులు సొంత నిర్ణయం తీసుకుంటే ప్రమాదం సంభవించవచ్చు. ఉదాహరణకు పలచటి ద్రవం శ్వాసనాళంలోకి వెళ్ళే ప్రమాదం ఉన్న బిడ్డకు వాలుగా పడుకోబెట్టి పాలు పట్టడం ప్రాణాంతకం కావచ్చు. సహాయకుల పని గౌరవప్రదమైనదని చెప్పడం ఎంత అవసరమో, దానికి హద్దులున్నాయని చెప్పడం కూడా అంతే అవసరం.

3. చట్టాలు – వ్యవస్థలు:

పునరావాస రంగంలో నిపుణులకు శిక్షణను, నమోదును క్రమబద్ధం చేయడానికి 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. ఈ మండలి గుర్తించిన కోర్సుల్లో వాక్, శ్రవణ రంగానికి సంబంధించిన ఒక సంవత్సరం డిప్లొమా వంటివి సహాయక స్థాయి సిబ్బందిని తయారుచేయడానికి ఉద్దేశించినవి. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వృత్తులు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వచ్చాయి.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఈ చట్టంలోని 17వ విభాగం సహిత విద్యకు తోడ్పడే వృత్తినిపుణులకు, సిబ్బందికి పాఠశాల విద్యలోని అన్ని స్థాయుల్లో శిక్షణ ఇవ్వవలసిన బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. నిర్దేశిత స్థాయి వైకల్యంగల 6 నుంచి 18 సంవత్సరాల పిల్లలకు ఉచిత విద్య హక్కును 31వ విభాగం కల్పించింది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ, తీవ్ర వైకల్యంగల పిల్లలు ఇంటివద్ద విద్య పొందే అవకాశాన్ని గుర్తించింది. 2021 అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాలుగల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై స్థాయుల్లో 15 మందికి ఒకరు ఉండాలని నిర్దేశించింది. ఈ నిష్పత్తి ఉపాధ్యాయులకు సంబంధించినది. ఆ ఉపాధ్యాయుడి పక్కన నిలబడి పిల్లవాడి చెయ్యి పట్టుకునే వ్యక్తి గురించిన చర్చ మాత్రం ఇంకా విస్తరించవలసి ఉంది.

తెలుగు రాష్ట్రాల విషయానికి వస్తే, సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలు ఈ సేవలకు ప్రధాన వేదికలు. ఇక్కడ సహిత విద్యా రిసోర్సు సిబ్బంది పనిచేస్తారు. ఫిజియోథెరపిస్టులు నిర్ణీత దినాల్లో వచ్చి వెళ్తారు. బడికి రాలేని పిల్లల ఇళ్ళకు సిబ్బంది వెళ్ళే ఏర్పాటు కూడా ఉంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేధో వైకల్య రంగంలో శిక్షణకు, పరిశోధనకు దేశస్థాయి కేంద్రంగా ఉంది.

నిపుణుడు నిర్ణీత దినాల్లో మాత్రమే వచ్చే ఈ ఏర్పాటులో మిగిలిన రోజుల బరువును సహాయకులు, కుటుంబం మోయవలసి వస్తుంది. ఆ రోజుల్లో ఏం జరుగుతుందన్నదే నిజమైన ప్రశ్న.

4. దైనందిన జీవితమే అభ్యాసస్థలం:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన అంతర్జాతీయ వర్గీకరణ, వైకల్యాన్ని శరీర లోపంగా మాత్రమే చూడదు. శరీర విధులు, కార్యకలాపాలు, భాగస్వామ్యం అనే మూడు స్థాయుల్లో చూస్తుంది. వీటిపై పరిసరాల ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చేతి కండరాల బిగుతు మొదటి స్థాయికి చెందినది. ముద్ద కలిపి నోటికి అందించుకోవడం రెండో స్థాయికి చెందినది. పంక్తిలో అందరితోపాటు కూర్చుని భోంచేయడం మూడో స్థాయికి చెందినది. చికిత్సాగదిలో సాధించిన కండరాల సడలింపు పంక్తి భోజనం దాకా చేరకపోతే ఆ ప్రగతి కాగితం మీదే మిగిలిపోతుంది. ఈ మూడు స్థాయులను కలిపే వంతెన సహాయకులు.

పరిసరాల ప్రాముఖ్యాన్ని తెలుగు ఇంటి భోజనమే చక్కగా వివరిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో తయారైన నైపుణ్య పట్టికల్లో భోజనమంటే చెంచా, ఫోర్కు వాడకం. మన ఇంట్లో అన్నంలో పప్పు కలపాలి, వేళ్ళ కొసలతో ముద్ద చేయాలి, బొటనవేలితో దాన్ని నోట్లోకి నెట్టాలి. చెంచా పట్టడంలో పిడికిలి బిగింపు ప్రధానమైతే, ముద్ద కలపడంలో వేళ్ళ విడివిడి కదలిక, స్పర్శను సహించడం ప్రధానం. తడి, జిగట తగిలితే చెయ్యి వెనక్కి లాక్కునే ఆటిజం పిల్లవాడికి ఇది కష్టతరమైన పని. అతడికి ముందుగా పొడి అటుకులు, ఆ తరువాత పొడిగా వండిన అన్నం, చివరగా పప్పన్నం అనే క్రమాన్ని నిపుణుడు సూచించవచ్చు. ఆ క్రమాన్ని ఇంటి వంటతో, ఇంటి భోజనవేళతో పొందుపరచడం సహాయకురాలి నేర్పు. కింద కూర్చోవడం, చెంబుతో నీళ్ళు పోసుకోవడం, గొంతుకూర్చునే మరుగుదొడ్డి వాడటం వంటి విషయాలకూ ఇదే వర్తిస్తుంది.

నిపుణులు కానివారు శిక్షణతో ఎంతవరకు తోడ్పడగలరనే అంశంపై దక్షిణాసియాలో జరిగిన ఒక అధ్యయనం ఇక్కడ గమనార్హం. ‘పాస్’ పేరుతో గోవాలోనూ, పాకిస్థాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది ఆటిజంగల పిల్లల కుటుంబాలతో జరిగిన ఈ అధ్యయనం ఫలితాలు 2016లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ పత్రికలో వెలువడ్డాయి. శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు మార్గదర్శనం చేసినప్పుడు, తల్లిదండ్రులు పిల్లల చొరవకు అనుగుణంగా స్పందించడం మెరుగైంది. పిల్లలు తమంతట తాము సంభాషణకు చొరవ చూపడం కూడా పెరిగింది. అయితే ఇద్దరూ ఒకే విషయంపై దృష్టి నిలిపే సమయంలో మాత్రం అలాంటి మెరుగుదల కనిపించలేదు. సహాయక స్థాయి సిబ్బందితో సాధ్యమయ్యేది చాలా ఉందనీ, అన్నీ సాధ్యం కావనీ ఈ ఫలితాలు ఏకకాలంలో తెలియజేస్తున్నాయి.

5. క్రియలో దాగిన లక్ష్యం – ‘కొను’:

స్వావలంబనకు సంబంధించిన పనులన్నింటినీ తెలుగు ఒక ప్రత్యేక పద్ధతిలో వ్యక్తీకరిస్తుంది. కింది జతలను పరిశీలించవచ్చు.

తొడుగు – తొడుక్కొను
కడుగు – కడుక్కొను
తుడుచు – తుడుచుకొను
దువ్వు – దువ్వుకొను
తోము – తోముకొను
కలుపు – కలుపుకొను
పోయు – పోసుకొను

ప్రతి జతలోనూ మొదటి క్రియ ఫలితం ఇతరులకు చెందవచ్చు. రెండో క్రియలో ‘కొను’ చేరడంతో చేసేవారూ ఫలితం పొందేవారూ ఒకరే అవుతారు. వ్యాకర్తలు దీన్ని ఆత్మార్థకంగా వివరిస్తారు. తల్లి బిడ్డకు తల దువ్వుతుంది, బిడ్డ తల దువ్వుకుంటుంది. థెరపీ సహాయకుల వృత్తిలక్ష్యం మొత్తం ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న దూరాన్ని తగ్గించడమే. నేర్పు, నేర్చుకొను అనే జత కూడా ఇదే అచ్చులో ఉండటం విశేషం. ఆంగ్లంలో సర్వనామంతోనో, సందర్భంతోనో తెలిసే భేదాన్ని తెలుగు క్రియలోనే నిక్షిప్తం చేసింది.

‘కొను’ చేరిన ప్రతి క్రియకూ ఇలాంటి జత ఉండదు. పడుకొను, కూర్చొను వంటివాటిలో అది క్రియలో అంతర్భాగమైపోయింది. తినడం, తాగడం వంటి పనుల్లో భేదం మరో మార్గంలో వ్యక్తమవుతుంది. తినిపించు – తిను, తాగించు – తాగు, స్నానం చేయించు – స్నానం చేయు అనే జతల్లో ప్రేరణార్థక రూపం సహాయకురాలి పనిని, మూలరూపం పిల్లవాడి పనిని తెలుపుతాయి. అంటే ఒకచోట ప్రత్యయం చేరడం, మరోచోట ప్రత్యయం తొలగడం స్వావలంబనకు గుర్తు.

ఈ వివరణకు ఆచరణలో ప్రయోజనం ఉంది. పెద్దలు చొక్కా తొడుగుతూ “చొక్కా తొడుక్కుందామా” అనడం, మందు పోస్తూ “మందు తాగేద్దాం” అనడం పరిపాటి. ఈ ‘-దాం’ రూపం బుజ్జగింపుకు బాగుంటుంది. కాని అందులో పని ఎవరిదో మరుగున పడుతుంది. మాట ‘తొడుక్కో’ అంటుంది, చేతులు ‘తొడుగు’ అంటాయి. మాటకూ చేతకూ సంబంధం కుదుర్చుకోవడమే కష్టంగా ఉన్న పిల్లవాడికి ఈ వైరుధ్యం అదనపు భారం కావచ్చు. పని పెద్దలదైనప్పుడు “నేను తొడుగుతాను”, పిల్లవాడిదైనప్పుడు “నువ్వు లాక్కో” అని విడదీసి చెప్పడం మేలు.

మరొక అంశం క్త్వార్థక వాక్యాలకు సంబంధించినది. “చేతులు కడుక్కుని, తుడుచుకుని, పీట వేసుకుని కూర్చో” అన్నది సహజమైన తెలుగు వాక్యం. అందులో నాలుగు పనులున్నాయి. సమాపక క్రియ ఒక్కటే, అదీ చివర ఉంది. విన్నదాన్ని కొద్దిసేపైనా నిలుపుకోలేని పిల్లవాడు చివరి మాట మాత్రమే అందుకుని నేరుగా వెళ్ళి కూర్చుంటాడు. దాన్ని మొండితనంగా అర్థం చేసుకునే అవకాశం ఉంది. “చేతులు కడుక్కో” అని చెప్పి, అది పూర్తయ్యాక “తుడుచుకో” అనడం, అంటే అసమాపక క్రియలను సమాపక క్రియలుగా విడగొట్టడం, ఇక్కడ అనుసరించదగిన పద్ధతి.

6. సహాయపు మెట్లు – ‘-తే’ రూపం:

ఒక పనిని చిన్న అంచెలుగా విడగొట్టి, సహాయాన్ని క్రమంగా తగ్గించడం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. చివరి అంచెను ముందు నేర్పడం ఇందులో ఒక విధానం. ఉదాహరణకు నిక్కరు తొడుక్కోవడంలో కాళ్ళు దూర్చడం, మోకాళ్ళ దాకా లాగడం, తొడల మీదుగా పైకి తేవడం, నడుముకు సర్దుకోవడం అనే అంచెలుంటాయి. మొదటి మూడూ సహాయకురాలు చేసి, చివరిది పిల్లవాడికి వదిలేస్తుంది. అతడు తన చేత్తో నడుము దాకా లాక్కున్న క్షణంలో పని పూర్తవుతుంది. ఆ పూర్తయిన తృప్తి అతడిదే అవుతుంది. అది కుదిరాక దాని ముందు అంచెను కూడా అతడికి అప్పగిస్తారు.

సహాయం తగ్గిన వైనాన్ని నమోదు చేయడం సహాయకుల బాధ్యతల్లో కీలకమైనది. ఆంగ్ల సంక్షిప్తాక్షరాలతో నిండిన పట్టికలు తల్లికి గానీ నాయనమ్మకు గానీ ఉపకరించవు. తెలుగు చేదర్థక రూపమైన ‘-తే’ ఈ అవసరాన్ని సునాయాసంగా తీర్చగలదు. ఈ వ్యాసం ప్రతిపాదించే మెట్లు ఇవి:

1. తొడిగాను – పని మొత్తం సహాయకురాలిదే.
2. చెయ్యి పట్టుకుంటే తొడుక్కున్నాడు.
3. మోచెయ్యి తాకితే తొడుక్కున్నాడు.
4. చూపిస్తే తొడుక్కున్నాడు.
5. చెబితే తొడుక్కున్నాడు.
6. తనంతట తాను తొడుక్కున్నాడు.

మొదటి మెట్టులో కర్త సహాయకురాలు. రెండో మెట్టు నుంచి కర్త పిల్లవాడు. వాక్యంలో కర్త మారిన రోజు ఇంటిల్లిపాదికీ అర్థమయ్యే ప్రగతి నివేదిక అవుతుంది. ‘కొద్దిగా మెరుగు’, ‘పరవాలేదు’ వంటి అస్పష్టమైన మాటల కంటే ఈ వాక్యాలు నిపుణుడికీ ఎక్కువ సమాచారమిస్తాయి. ఇవి వాడుకలో పరీక్షించి, సవరించుకోవలసిన ప్రతిపాదనలు. భాషాశాఖలు, ప్రత్యేక విద్యాశాఖలు కలిసి చేయదగిన పరిశోధన ఇది.

7. మాట నేర్పే చోట తెలుగు:

7.1. మాటల పునరుక్తి: ఆటిజంగల పిల్లల్లో కొందరు విన్న మాటను విన్నట్టే తిరిగి అంటారు. ఇది అర్థంలేని అనుకరణ కాదనీ, అడగడం, అంగీకరించడం వంటి ప్రయోజనాలు దీనికి ఉంటాయనీ బారీ ప్రిజాంట్, జుడిత్ డూకన్ 1981లో ప్రచురించిన పరిశోధన నిరూపించింది. తెలుగులో దీని రూపం ఆసక్తికరం. “నీళ్ళు కావాలా?” అని అడిగితే పిల్లవాడు “నీళ్ళు కావాలా” అనే అంటాడు. దాహమేసినప్పుడు తనంతట తానుగా కూడా అదే అంటాడు. ఆ వాక్యంలోని ప్రశ్నార్థక ‘ఆ’కారం పెద్దలది, కోరిక పిల్లవాడిది. తెలియనివారు అతడు తమను ప్రశ్నిస్తున్నాడనుకుంటారు. పిల్లవాడి చూపు కుండవైపు ఉన్నప్పుడు సహాయకురాలు ప్రశ్న మాని, “నీళ్ళు కావాలి” అని అతడు అనవలసిన రూపాన్నే అందించి నీళ్ళిస్తే, పునరుక్తి సరైన వాక్యంగా మారే అవకాశం ఉంటుంది. వస్తావా – వస్తాను, తింటావా – తింటాను వంటి చోట్ల పురుషప్రత్యయం కూడా మారవలసి ఉంటుంది కాబట్టి అవి మరింత కష్టం. ‘కావాలి’ అన్ని పురుషల్లోనూ మారదు కనుక దానితో మొదలుపెట్టడం సులువు.

7.2. బొమ్మల కార్డులు: మాట రాని పిల్లలకు బొమ్మల కార్డు ఇచ్చి కోరింది తీసుకోవడం నేర్పే పద్ధతిని 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించారు. పెక్స్‌గా ప్రసిద్ధమైన ఈ పద్ధతిలోని ఒక దశలో పిల్లలు ‘ఐ వాంట్’ అనే కార్డును ముందు పెట్టి, ఆ తరువాత వస్తువు బొమ్మను పెడతారు. అది ఆంగ్ల వాక్యక్రమం. తెలుగులో వస్తువు ముందు, ‘కావాలి’ తరువాత వస్తాయి. ఆంగ్ల పట్టీని యథాతథంగా వాడితే చేతిలోని క్రమం ఒకటి, చెవిన పడే క్రమం మరొకటి అవుతుంది. నీళ్ళ బొమ్మ ముందు, ‘కావాలి’ కార్డు తరువాత ఉంచితే ఇంట్లో వినబడే వాక్యమే పట్టీమీద కనిపిస్తుంది.

7.3. వద్దు, లేదు, కాదు: ఆంగ్లంలో ‘నో’ అనే ఒక్క మాట చేసే పనులను తెలుగు మూడు మాటలకు పంచింది. నిరాకరణకు ‘వద్దు’, లేమికి ‘లేదు’, పొరపాటును ఖండించడానికి ‘కాదు’. ‘నో’ అని మాత్రమే నేర్చిన పిల్లవాడు పాలు వద్దంటున్నాడో, గ్లాసులో పాలు లేవంటున్నాడో, ఇవి పాలు కావంటున్నాడో ఇంట్లోవారు ఊహించుకోవలసి వస్తుంది. ముఖ్యంగా ‘వద్దు’ అనే మాట పిల్లల రక్షణకు సంబంధించినది. తన శరీరాన్ని ఇతరుల చేతులు నిత్యం తాకుతూ ఉండే బిడ్డకు ‘వద్దు’ అనడం రావాలి. అన్నప్పుడు సహాయకులు ఆగాలి. ‘చాలు’, ‘ఇంకా’, ‘నొప్పి’ అనే మాటలూ ఈ కోవలోనివే.

7.4. సంబోధన: తెలుగు ఇళ్ళలో పిల్లవాడిని “రా నాన్నా” అని, ఆడపిల్లను “తిను తల్లీ”, “ఇటు రా అమ్మా” అని పిలుస్తారు. ఆ ఆప్యాయతకు వెల కట్టలేం. కాని నాన్న ఎవరో, అమ్మ ఎవరో పేర్లు ముడిపెట్టుకోవడానికే ప్రయాసపడుతున్న పిల్లలకు ఒకే మాట ఇద్దరికి వర్తించడం గందరగోళం కలిగించవచ్చు. పేరు పిలిస్తే తిరిగి చూడటం లక్ష్యమైన దశలో పిల్లల పేరునే స్థిరంగా వాడటం, మిగిలిన వేళల్లో ముద్దుపేర్లకు అడ్డు చెప్పకపోవడం మధ్యేమార్గం.

7.5. ఇంటిభాష: రెండు భాషలు పిల్లవాడిని అయోమయపరుస్తాయని, ఆంగ్లమొక్కటే మాట్లాడమని సలహాలిచ్చే ధోరణి నగరాల్లో కనిపిస్తుంది. డౌన్ సిండ్రోమ్‌గల ద్విభాషా పిల్లలపై కే-రెయినింగ్ బర్డ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ పిల్లల ఆంగ్ల సామర్థ్యం ఒకే భాషగల డౌన్ సిండ్రోమ్ పిల్లలకంటే తక్కువగా ఉన్నట్టు తేలలేదు. ఇంటిభాషను తీసివేయడం వల్ల కలిగే నష్టం మాత్రం ప్రత్యక్షం. తెలుగు మాత్రమే తెలిసిన నాయనమ్మ ఆ పిల్లవాడి సాధనలోంచి తొలగిపోతుంది. తల్లి తనకు అలవాటులేని భాషలో పొడి మాటలకు పరిమితమవుతుంది. అత్యధిక సమయం పిల్లవాడితో గడిపేవారిని మాటలేనివారిని చేసి, అతడికి మాట నేర్పడం సాధ్యం కాదు. ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాల్లో బడి ఆంగ్లంలోనే సాగక తప్పదు. అక్కడైనా ఇంటి పనులకు సంబంధించిన సాధన తెలుగులో సాగడానికి ఆటంకం లేదు.

8. అతిసహాయం – ఒక సమస్య:

సహాయకుల ఉనికి వల్ల కలిగే అనర్థాన్ని కూడా పరిశోధకులు గుర్తించారు. మైకేల్ జియాంగ్రెకో, సహపరిశోధకులు 1997లో అమెరికా పాఠశాలల్లో చేసిన అధ్యయనం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. సహాయకుడు నిరంతరం పిల్లవాడిని అంటిపెట్టుకుని ఉండటం వల్ల తరగతి ఉపాధ్యాయుడు తన బాధ్యత నుంచి పక్కకు తప్పుకోవడం, తోటి పిల్లలతో స్నేహాలు ఏర్పడకపోవడం, పిల్లవాడు పెద్దలపై ఆధారపడిపోవడం వారు గమనించారు.

మన సందర్భంలో ఈ సమస్యకు వాత్సల్యం కూడా తోడవుతుంది. తినిపించడం ప్రేమకు చిహ్నమైన సంస్కృతి మనది. బిడ్డ అన్నం చిందరవందర చేస్తుంటే చూస్తూ ఊరుకునే తల్లిని బంధువులు నిర్దయురాలంటారు. పది నిమిషాలు ఆగి పిల్లవాడి చేతే గుండీలు పెట్టించే సహాయకురాలు పని ఎగ్గొడుతున్నట్టు కనిపిస్తుంది. వేగంగా తొడిగి పంపేవారికి మెప్పు దక్కుతుంది. ఆగడం కూడా పనేనని కుటుంబానికి వివరించడం నిపుణుల బాధ్యత. ఆ వివరణ లేకపోతే సహాయకులు ఇంటివారి మెప్పు వైపే మొగ్గడం సహజం.

9. పదజాలం:

ఈ రంగంలో తెలుగు పదజాలం ఇంకా స్థిరపడలేదు. బుద్ధిమాంద్యం అనే మాట స్థానంలో మేధో వైకల్యం వచ్చింది. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అనే మాటలు వేర్వేరు సందర్భాల్లో వాడుకలో ఉన్నాయి. సికింద్రాబాదు జాతీయ సంస్థ పేరు కూడా మానసిక వికలాంగుల సంస్థ నుంచి మేధో వైకల్యంగలవారి సాధికారత సంస్థగా మారింది. వ్యక్తిని సూచించే మాటలపై జరిగినంత చర్చ పనిని సూచించే మాటలపై జరగలేదు. థెరపిస్టు, థెరపీ వంటివి వాడుకలో స్థిరపడ్డాయి, వాటిని మార్చవలసిన అవసరం లేదు. కాని సహాయపు మెట్లకు, పని అంచెలకు, నమోదు పట్టికలకు ఇంట్లోవారు పలకగలిగే తెలుగు అవసరం. దాన్ని సంస్కృత సమాసాలతో నింపితే ఆంగ్లం చేసిన దూరాన్నే అదీ చేస్తుంది. ‘చెబితే తొడుక్కున్నాడు’ అనే వాక్యానికి నిఘంటువు అక్కరలేదు.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది అంశాలు అవగతమవుతున్నాయి.

• థెరపీ సహాయకులు నిపుణులకు ప్రత్యామ్నాయం కారు. నిపుణుల లక్ష్యాలను దైనందిన జీవితంలోకి చేర్చే అనివార్యమైన వారధులు.

• సాధన చేయించే పనులు తెలుగు ఇంటి భోజనానికి, కూర్చునే తీరుకు, స్నానపు పద్ధతికి తగినట్టుగా ఉండాలి.

• ఆత్మార్థక, ప్రేరణార్థక క్రియారూపాలు స్వావలంబన స్థాయిని కచ్చితంగా సూచిస్తాయి. సూచనలివ్వడంలోనూ, ప్రగతి నమోదులోనూ వాటిని ఉపయోగించుకోవచ్చు.

• బొమ్మల కార్డులు, సంభాషణ నమూనాలు తెలుగు వాక్యక్రమాన్ని, మూడు రకాల వ్యతిరేకార్థక పదాలను అనుసరించాలి.

• ఇంటిభాషను వదిలివేయమనే సలహా పిల్లవాడికి అత్యంత సన్నిహితులను అతడి అభ్యాసం నుంచి దూరం చేస్తుంది.

• సహాయకుల శిక్షణలో సహాయం చేయడంతోపాటు సహాయాన్ని ఎప్పుడు ఉపసంహరించుకోవాలో కూడా నేర్పాలి.

విశ్వవిద్యాలయ తెలుగుశాఖలు మాండలిక సేకరణ చేసినట్టుగానే, భవిత కేంద్రాల్లోనూ ఇళ్ళలోనూ సహాయకులు, తల్లులు, పిల్లలు జరిపే సంభాషణలను వారి అనుమతితో, గోప్యతను కాపాడుతూ సేకరించి విశ్లేషించవచ్చు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మాండలికాల్లో ఈ రోజువారీ క్రియలు ఎలా ఉన్నాయో తెలిస్తే ఆయా ప్రాంతాలకు తగిన సామగ్రిని తయారుచేయడం వీలవుతుంది. అనువర్తిత భాషాశాస్త్రానికి ఇంతకంటె అక్కరకు వచ్చే క్షేత్రాలు మనకు ఎక్కువగా లేవు.